సంఘం బియ్యం

మా పెద్దవదిన పోయిందన్న కబురు నాకు పాస్టరేట్ కమిటీ మీటింగులో అందింది. ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక చర్చి పక్కగదిలో కూర్చుని, డయోసిస్ నుంచి వచ్చిన ఉత్తరానికి ఏం జవాబు రాయాలా అని ఎప్పటిలాగే తలలు పట్టుకుని ఉన్నాం. మా అన్న కొడుకు గుమ్మంలో నిలబడి, "సిన్నాన్నా, అమ్మ ఎల్లిపోనాది" అన్నాడు. పాస్టరు అయ్యగారు లేచి ప్రార్థన చేశారు. ప్రార్థన ముగిశాక ఒక పెద్దాయన నెమ్మదిగా, "మరి ఈ ఉత్తరం సంగతేటి?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆ కుర్చీల్లో ఇన్నేళ్ళు కూర్చుంటే ఎవరైనా అలాగే తయారవుతారు.

నేనూ అలాగే తయారయ్యాను. రైల్వే అకౌంట్సులో గుమాస్తాగా రిటైరయ్యాను గాని సంఘం ట్రెజరర్ పని నుంచి మాత్రం ఎవరూ రిటైర్ చెయ్యడం లేదు. ఏటా సర్వసభ్య సమావేశంలో "ఈసారి ఇంకెవరైనా" అంటాను. అందరూ చెప్పుల వంక చూస్తారు. ఎవరో నా పేరు ప్రతిపాదిస్తారు, పక్కాయన బలపరుస్తాడు, అయ్యగారు ఆశీర్వాదం పలికేస్తారు. పిల్లి మెడలో గంట కట్టినట్టు ఇంకో ఏడాది నా మెడలో కడతారు. వదిన ఉన్నన్నాళ్ళూ వెనక వరసలో కూర్చుని నవ్వేది. "నువ్వు కాపోతే ఎవరు బావూ? లెక్కలొచ్చినోడికీ వంటొచ్చినదానికీ సెలవు నేదు" అనేది.

డయోసిస్ సంగతి తెలియని వాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఒక బిషప్ గారి కింద ఉన్న సంఘాలన్నీ కలిపి ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. ప్రతి సంఘం ఏటా తన వాటా కలకత్తా ఆఫీసుకు పంపాలి. అన్ని వాటాలూ ఒకచోట చేర్చి, అందులోంచే ఊరూరి అయ్యగార్లకూ జీతాలిస్తారు. వాటా కట్టే సంఘానికి అయ్యగారు ఉంటారు. కట్టలేని సంఘానికి ఉత్తరాలు వస్తాయి. ఉత్తరాలకూ కదలకపోతే అయ్యగారిని తీసి ఇంకోచోట వేస్తారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఉమ్మడి కుటుంబంలో అందరి కంచాలూ నిండాలంటే పెద్దలు అలాగే చూడాలి. ఆ న్యాయం నాకు తెలుసు, వదినకూ తెలుసు. మా గొడవ తెలిసినవాళ్ళిద్దరి మధ్య వచ్చిన గొడవ.

మాది చిన్న సంఘం. మా నాన్నల తరం కోస్తా నుంచి, కలకత్తాకు లోకల్ బండి దూరంలో ఉన్న ఈ రైల్వే ఊరికి వర్క్‌షాపు పనికి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడింది. పొలం పుట్రా లేనివాళ్ళం, జీతం వచ్చిన వారంలోనే ఖాళీ అయ్యే ఇళ్ళు. అందుకని వాటా కోసం ఆడవాళ్ళు పిడికెడు బియ్యం పద్ధతి పెట్టుకున్నారు. పూటపూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి. ఆదివారం ఆ డబ్బా తెచ్చి సంఘం గోనెలో పొయ్యాలి. ఆరాధన అయ్యాక ఆ బియ్యం అమ్మితే వచ్చింది వాటాకు పోతుంది. కొనేవాళ్ళు ఎక్కువగా మా పక్క రైల్వే పేట, ట్రాఫిక్ సెటిల్‌మెంటులో మెస్సు నడుపుకునే పెళ్ళికాని కుర్రాళ్ళు. ఇంటికొక రకం బియ్యం కలిసిపోయేవి కాబట్టి వండితే సగం ముద్దయ్యేవి, సగం పలుకుగా మిగిలేవి. కుర్రాళ్ళు గోల చేస్తే వదిన, "సంగమంటే అదేరా నాయినా. అన్నీ ఒక్కపాలి ఉడకవు" అనేది.

ఆ డబ్బాలకు అధికారి మా వదిన. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, "ఏదీ, డబ్బా ఒకపాలి కదుపు" అనేది. చప్పుడు బట్టి ఎంతుందో చెప్పేసేది. ఆవిడ వీధి మలుపులో కనబడగానే వంటింట్లో గబగబా నాలుగు పిడికిళ్ళు డబ్బాలో పడేవి. నోరు మంచిది కాదు. ఒకరింటి కబురు ఇంకొకరింట చెప్పకుండా ఉండలేదు. బిషప్ గారు స్వయంగా వచ్చి ప్రసంగం చేస్తున్నా నిద్రొస్తే నిద్రపోయేది. మీటింగులకు చాట తెచ్చుకుని బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చునేది. కమిటీలోకి ఎలా వచ్చిందంటే, ఆ ఏడు ఒక స్థానానికి మగవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. వెనకనుంచి "నేనుంటాను, అయితే ఏటవుద్ది?" అంది. ఏమీ అవలేదు. ఆవిడే మొదటి ఆడమనిషి.

ఒకసారి కలకత్తాలో డయోసిస్ కౌన్సిలుకు మా సంఘం తరఫున నేనూ వదినా వెళ్ళాం. పొద్దుటి లోకల్లో పాసు మీద ప్రయాణం. పెద్ద హాలు, పెద్ద ఫ్యాన్లు, గంటల తరబడి బడ్జెట్. ఒక్కో పద్దూ చదవడం, ఒకరు లేచి సందేహం అడగడం, ఇంకొకరు సమాధానం చెప్పడం. నాకే ఆవలింతలొస్తున్నాయి. వదిన నా చేతిలో ఉన్న కాగితం తన వైపు తిప్పుకుని, "మన అయ్యగారి జీతం ఏ వరసలో ఉన్నాది బావూ?" అని అడిగింది. చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తరవాత సంచిలోంచి కమలాపండ్లు తీసి, పక్కనున్న బెంగాలీ ప్రతినిధులకు కూడా ఒలిచి పంచింది. "దీదీ, ఆర్ ఏక్టా" అని ఇంకొకటి అడిగి మరీ తిన్నారు.

ఆ తరవాత బియ్యం కరువు ఏడు వచ్చింది. మా ఊళ్ళో ఆ రోజులు చూసినవాళ్ళకు వర్ణించనక్కర్లేదు. రేషను షాపు ముందు తెల్లారకుండానే వరస, తీరా అందేసరికి గోధుమలు. మనవాళ్ళకు రొట్టె దిగదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు బెర్తు కింద మూట దాచి తెస్తే మధ్యలో పోలీసులు దింపేసుకునేవారు. జీతం నిలకడగా ఉన్నవాళ్ళం ఎలాగో గడిపాం. రోజుకూలీకి రైలు పట్టాల గ్యాంగుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో పొయ్యి రాజెయ్యని రోజులుండేవి.

సరిగ్గా అప్పుడే డయోసిస్ ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ వాటా బాకీ పడ్డారు, వచ్చే కౌన్సిలులోగా తీర్చకపోతే అయ్యగారిని మారుస్తాం, మీ సంఘాన్ని ఇంగ్లీషు ఆరాధన చూసే పాదిరీ గారి కింద పెడతాం, తెలుగు ఆరాధన నెలకొకసారి జరుగుతుంది అని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా దగ్గరున్న ఆస్తల్లా కోత పండుగకు అమ్ముదామని ఆడవాళ్ళు వారం వారం కొంత తీసి చర్చి అలమారులో దాచిన గోనెల బియ్యం. ఖరిదా బజారులో ఒక దుకాణదారు ఆ రోజుల్లో పలికే ధరకు మొత్తం తీసుకుంటానన్నాడు. బాకీ అంతా తీరిపోతుంది. కమిటీ తీర్మానం చేసింది. అది బ్లాకు ధరని గదిలో అందరికీ తెలుసు. మినిట్సులో "తగిన ధరకు" అని రాశాను. ప్రతిపాదించింది నేను. బలపరిచింది మా వదిన.

మంగళవారం దుకాణదారు మనిషి ఠేలా బండి తెచ్చాడు. తాళంచెవి వదిన దగ్గర ఉంటుంది గనక ఆవిణ్ణి పిలిపించాను. వచ్చి అలమారు తెరిచింది. గోనెలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి నీటుగా సర్ది ఉన్నాయి. "దాదా, చాల్ కోథాయ్?" అని బండివాడు నన్నడిగాడు, బియ్యమేవని. నేను వదిననడిగాను.

"పంచీసినాను" అంది.

"ఎవరికి?"

"తిననోలికి."

సంఘం వాళ్ళకే ఇచ్చి ఉంటే కొంతైనా సర్దుకునేవాళ్ళం. ట్రాఫిక్‌లో క్వార్టర్లు వరసవరసా తిరిగి, సంఘం వాళ్ళా కాదా అని చూడకుండా, పొయ్యి వెలగని ప్రతి ఇంట్లో పోసేసింది. ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాం. అంత కోపంగా జరిగిన మీటింగు నా అనుభవంలో లేదు. "తాళం ఇచ్చింది కాపలాకి. కంచే సేను మేసినట్టు కాదా ఇది?" అని ఒకాయన బల్ల గుద్దాడు.

నేను అడగాల్సింది నేనూ అడిగాను. "నువ్వే బలపరిచావు కదా వదినా. మనసు మారితే కమిటీకి చెప్పాలి. నలుగురూ కలిసి చేసిన తీర్మానాన్ని ఒక్క మనిషి తిప్పేస్తే ఇంక సంఘం ఎందుకు?"

"బలపరిసినాను. నిజమే" అంది. "మర్నాడు డబ్బాలు కదపడానికి ఎల్లినాను బావూ. ఒకింట్లో డబ్బా నిండుగా చప్పుడయినాది. మూత తీస్తే గులకరాళ్ళు. నాను తిడతానని ఏసి ఉంచింది. పిల్లలు అటుపక్కన పడుకునున్నారు, పగటేళ. మీకు సెపితే మళ్ళీ మీటింగెట్టి, మళ్ళీ తీర్మానం సేసి... అంతసేపు నాకు ఓపిక నేకపోయినాది."

"రేపు అయ్యగారిని తీసేస్తే?"

"అయ్యగారు ఎల్లినా మళ్ళీ వస్తారు."

కమిటీ ఆవిణ్ణి తొలగించింది. ఆ తీర్మానం నేనే రాశాను. నేను అప్పుడూ తప్పన్నాను, ఇప్పుడూ తప్పనే అంటాను. ఒకరి ఓపిక మీద నడిచేది సంఘం కాదు. కాని రాళ్ళ డబ్బా మాట చెప్పాక ఆ గదిలో నాతో సహా ఎవరూ ఆవిడ మొహం వంక చూడలేదు.

అయ్యగారు కుటుంబంతో వెళ్ళిపోయారు. మరుసటి కౌన్సిలు బడ్జెట్ కాగితంలో వదిన వేలు పెట్టిన ఆ వరస లేదు. అది మొదలు ఏళ్ళ తరబడి మాకు అయ్యగారు లేరు. పాదిరీ గారు నెలకొకసారి వచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకున్న తెలుగు ప్రార్థనలు చదివేవారు. పాపం మంచివాడు, ఆయన శ్రమకు మేమే సిగ్గుపడేవాళ్ళం. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. పిల్లల బాప్తిస్మాలు ఆగాయి. ఆగిన ప్రతిదానికీ జనం వదిన పేరే చెప్పేవాళ్ళు. ఆవిడ మాత్రం శనివారం శనివారం మళ్ళీ డబ్బాలు కదపడానికి బయల్దేరేది. కొన్నిళ్ళలో తలుపు తియ్యలేదు. తియ్యకపోతే మరుసటి శనివారం వచ్చేది.

ఆ కాలంలోనే మా అన్న పోయాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, డ్యూటీ దిగి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పాదిరీ గారు ఆద్రా జంక్షన్ వైపు వెళ్ళి ఉన్నారు, రెండు రోజులకు గాని రారు. ఎండాకాలం. ప్రార్థన పుస్తకం పట్టుకుని మా అన్నకు భూస్థాపన నేనే చదివాను. మధ్యలో ఆగిపోయాను. వదిన వెనకనుంచి, "సదువు బావూ" అంది. చదివాను. తిరిగొస్తుంటే ఒక ముసలావిడ ఆవిడకు వినబడేలాగే, "ఆ బియ్యం అమ్మనిచ్చుంటే అయ్యగారుండెవోరు గదా" అంది.

వదిన నడుస్తూనే, "అవును పిన్నీ. ఉండెవోరు" అంది.

ఇంటికి చేరేదాకా ఏడవలేదు. ఇంట్లో మాత్రం గోడకు తల ఆనించి, ముగ్గురం పట్టుకున్నా ఆగకుండా ఏడ్చింది. నేను ఆ రోజు నుంచి ఆవిడతో వాదించడం మానేశాను. అభిప్రాయం మార్చుకుని కాదు, అలిసిపోయి.

పిడికిలి పిడికిలీ కలిసి బాకీ తీరింది. తెలుగు అయ్యగారిని మళ్ళీ ఇచ్చారు. ఇప్పుడున్న అయ్యగారు చిన్నవాడు, మంచి గొంతు. మళ్ళీ బాకీ పడుతున్నాం, మళ్ళీ ఉత్తరాలు వస్తున్నాయి. ఆ మీటింగు మధ్యలోనే వదిన కబురు వచ్చింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లేచాను. నాకు చాలా దిగులుగా ఉంది. నన్ను "బావూ" అని పిలిచి తిట్టే మనిషి ఇంకెవరూ లేరు.

మర్నాడు సమాధుల తోటలో సంఘమంతా వచ్చింది. ఆవిణ్ణి తొలగించినవాళ్ళం, బతికున్నవాళ్ళమంతా వచ్చాం. ప్రహరీ పొడుగునా ఇంకా చాలామంది నిలబడ్డారు. ట్రాఫిక్ వరసల ఆడవాళ్ళు, బొట్టు పెట్టుకున్నవాళ్ళు, చంకలో పిల్లలతో కొందరు. దగ్గరికి రావచ్చో లేదో తెలియక గోడకే ఆనుకున్నారు. రమ్మని చెయ్యూపితే నలుగురు వచ్చారు, మిగతావాళ్ళు తల అడ్డంగా ఊపారు.

అయ్యగారు మొదటి ప్రార్థన ముగించారు. మేం "ఆమేన్" అన్నాం. ఒక క్షణం ఆగి, గోడ దగ్గరనుంచి ఇంకో ఆమేన్ వచ్చింది, ఆలస్యంగా, తలొక గొంతుతో, అలా అనాలేమో అని అడుగుతున్నట్టు. మావాళ్ళు కొందరు తలలు తిప్పి చూశారు. అయ్యగారు పుస్తకం మీంచి కళ్ళెత్తలేదు. రెండో ప్రార్థన అయ్యాక మేం ఆమేన్ అన్నాం. అయ్యగారు పేజీ తిప్పకుండా, గోడ వైపు నుంచి ఆమేన్ వచ్చేదాకా ఆగారు. అది కూడా వచ్చాక మూడో ప్రార్థన మొదలుపెట్టారు.