సందుగలోని కత్తి

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. యాభై ఎనిమిదో ఏట మహిళా సంఘంలో పలక పట్టేదాకా కాగితం మీద నా పేరు కూడా గుర్తుపట్టలేకపోయేదాన్ని. ఎవరిచేతనైనా రాయించవచ్చు కదా అంటారేమో. రాయించాలంటే ముందు నోటితో చెప్పాలి. మా ఇంట్లో ఈ మాట నోటితో అనకూడదు. మొన్న రంగులు వేయడానికి వచ్చినతను లోపలి గది తలుపు గీకుతూ, "గొళ్లెం లోపట ఉండాలె గదమ్మా, మీకు బయట పెట్టిన్రేంది?" అని నవ్వాడు. ఆ రోజే కాగితం ముందు వేసుకున్నాను.

ఆ గొళ్లెం మా ఆడబిడ్డ కోసం పెట్టించింది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఆమెకు పదిహేడేళ్లు. ఒక వానాకాలం తిండి మానేసి, ఎవరూ లేని మూలతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకరోజు కత్తితో చేయి కోసుకుంది. పట్నం పెద్ద దవాఖానలో ఏడాది ఉండి తిరిగొచ్చింది. పిల్లకు పని చెప్పండి, తన పనులు తనను చేసుకోనివ్వండి అన్నాడు డాక్టరు. మా అత్త గొళ్లెం పెట్టించింది. కొడవళ్లు, కూరల కత్తులు, కత్తిపీట, చివరికి మా మామ గడ్డం గీసుకునే కత్తితో సహా సందుగలో పెట్టి, తాళంచెవి నా నడుముకు కట్టించింది. ఆ ఏడు బెండకాయలు చేత్తో విరిచి, వంకాయలు బండతో చితక్కొట్టి వండాను. "మా కోడలు కొత్త వంట నేర్సింది" అని మా అత్త చుట్టాలకు చెప్పుకునేది.

ఎండాకాలం చివర, విత్తనానికి అల్లం దుంపలను ముక్కలు కోసే పని మొదలైంది. రొట్టె తింటూ పిల్ల మా ఆయనతో అంది, "అన్నా, నేను గూడ పోత. ఒక్కదాన్నే పోత." మా ఆయన తల్లి వైపు చూశాడు. "పోనియ్ రా," అంది మా అత్త. "నిలబడ్డదా, మంచిదే. లేకుంటే మళ్ల దవాఖాన్లనే ఇడిచొస్తం. ఇగ నాతోని గాదు." పిల్ల చేతిలో రొట్టె కింద పడింది.

ఆమె బయల్దేరగానే, నీళ్లకన్నట్టు బిందె పట్టుకుని వెనకే నడిచాను. బొంబాయి సడక్ దాటాలి. అంచున ఆగిపోయింది. ఒక లారీ పోయింది, రెండు పోయాయి, ఆమె కదలదు. పిలిస్తే ఉలిక్కిపడి ముందుకు అడుగేస్తుందేమో. పిలవకపోతే? చివరికి అటూ ఇటూ చూసి దాటింది. నేనూ దాటి, చెరుకు ఆకు కుప్ప వెనక కూర్చున్నాను.

వేపచెట్టు కింద ఆడవాళ్లు వరుసగా అల్లం కోస్తున్నారు. ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకోవాలి, అది ఆ పని కట్టుబాటు. "కత్తేది బిడ్డా?" అంది వాళ్ల పెద్దామె. "ఇంట్ల ఇయ్యరు." "గోళ్లతోని కోస్తదేమో!" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. మా పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు విని రెండేళ్లయింది. సాయంత్రం దాకా చేత్తోనే విరిచింది. "మొగ్గ పోకుంట ఇరిసినవ్, మంచిగుంది," అంది పెద్దామె. "గని చేత్తోని ఇరిస్తే ముక్క కుళ్తది. రేపు కత్తి తేకుంటే రాకు."

తిరుగుదారిలో సడక్ దగ్గర, పిల్ల తల తిప్పకుండానే అంది: "రా వదినా, కలిసే దాటుదాం. పొద్దుగాల నువ్వు ఎనకొస్తున్నవని ఎరుకై కాళ్లు కదల్లే." దాటాక అడిగింది, "కత్తి ఇస్తవా?"

అత్తకు చెబితే ఇవ్వనివ్వదు. చెప్పకుండా ఇచ్చాక ఏమైనా అయితే, అది నేను చేసినట్టే.

మరునాడు పొద్దున అత్త పాలు పితుకుతుండగా సందుగ తెరిచి, కూరల కత్తి తీసి ఆమె ముందు నేల మీద పెట్టాను. మా వైపు కత్తి చేతిలోంచి చేతికి ఇవ్వరు, కింద పెడితే తీసుకుంటారు. ఆమె కత్తి తీసి రొట్టె మూటలో దోపుకుని, "పోయొస్త వదినా" అంది. బిందె ముట్టుకోలేదు నేను. వీధి వైపు వీపు పెట్టి తిరగలి ముందు కూర్చుని, గంపెడు జొన్నలు విసిరాను.

ఆమె కోహీర్ ఊళ్లో తన కష్టం మీద తాను బతకడం మొదలుపెట్టి ఎన్నో ఏళ్లయింది. ఆ రోజు విసిరిన పిండి వారానికే అయిపోయింది. ఆ పూట మాత్రం నాకింకా గడవలేదు.