చెవి బ్యాడ్జీ

లెక్కల టీచరమ్మ ఒకే పాఠాన్ని మూడుసార్లు చెబుతుంది. కన్ను బ్యాడ్జీ పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీస్తుంది, చెవి బ్యాడ్జీ వాళ్లకు గొంతు చించుకుని వివరిస్తుంది, చెయ్యి బ్యాడ్జీ వాళ్లకు అట్టముక్కలు పంచుతుంది. ఎవరికి చదువు ఏ దారిన ఎక్కుతుందో ప్రశ్నలడిగి తేల్చి, బడి తెరిచిన రోజుల్లో ఆ బ్యాడ్జీలు గుచ్చింది ఆవిడే. "ఇదంతా ఉత్తదేనటండీ, పరిశోధకులు పరీక్షించి చూస్తే తేడా ఏమీ తేలలేదట," అని ఒకసారి హెడ్మాస్టరు దగ్గర నసిగింది. "పులి మీద ఎక్కాం టీచరమ్మా, ఇప్పుడెలా దిగుతాం? ఆ బ్యాడ్జీలు చూసే కదా తల్లిదండ్రులు పిల్లల్ని మన బడిలో చేర్పిస్తున్నారు!" అన్నాడాయన. అప్పటినుంచి నోటికి తాళం వేసుకుంది. చేతులకు సుద్దపొడి లేకపోయినా దులుపుకుంటూనే ఉంటుంది.

ఇవాళ త్రిభుజం గీసి వెనక్కి తిరిగేసరికి, ముందు బెంచీలో చెవి బ్యాడ్జీ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"బోర్డు చూడవేం తల్లీ?"

"చూస్తే నాకు ఎక్కదు కదా టీచర్! మీరే చెప్పారుగా."

టీచరమ్మ వంగి ఆ బ్యాడ్జీ విప్పబోయింది. వరండాలో హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. పిన్ను మీదికి వెళ్లిన వేళ్లు, వంకరగా ఉన్న బ్యాడ్జీని సరిచేసి వెనక్కి వచ్చాయి.

"సరేనమ్మా, విను," అంది.

పిల్ల కళ్లు తెరవకుండానే బుద్ధిగా తలూపింది.