బ్రహ్మయ్య వేసిన సీలు

కంపెనీ వాళ్లిచ్చిన ఆరు నెలల గ్యారంటీని నేను పన్నెండు రోజుల్లో పోగొట్టాను. మా ఆయన వారమే అనుకున్నాడట. ఆ లెక్కన నేను నిదానస్తురాలినే. ఎట్లా పోయిందో చాయ్ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

కల్వకుర్తికి నాలుగు మైళ్లలో మా ఇల్లు, ఎనిమిది బర్రెలు. పాలు పొద్దున ఆరున్నర బస్సుకు హైదరాబాద్ పోవాలి. బస్సు తప్పితే ఎండకు విరిగిపోతాయి. ఎద్దుల బండి నడకతో విసిగి, దాన్ని ఎద్దులతో సహా అమ్మేసి, మూడు చక్రాల పెట్రోలు బండి కొన్నాం. ముందు సీటు, వెనక క్యాన్లు పెట్టే తొట్టి. నడపడం నేనే నేర్చుకున్నాను. మా ఆయన నేర్చుకునేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

బండి మంచిదే, కానీ ఉరకదు. ఇంజను పక్కన గవర్నర్ అని ఒక భాగం ఉంది. వేగం హద్దు దాటకుండా పట్టి ఉంచేది అదే. దాని స్క్రూకు తీగ చుట్టి, చొక్కా గుండీ అంత సీసం సీలు వేశారు. ఆరు నెలల్లో ఇంజను చెడితే కంపెనీయే ఉచితంగా బాగుచేస్తుంది. సీలు తెగితే మాత్రం చేయదు. కాగితం మీద ఎర్ర అక్షరాలతో ఉంది. డిగ్రీ చదివినదాన్ని కదా, రెండుసార్లు చదివాను.

మూడో రోజు సైకిల్ మీద పోస్ట్‌మాన్ నన్ను దాటిపోయాడు. పోతూ పోతూ, "నమస్తే అమ్మా, మెల్లగ రాండ్రి" అన్నాడు. ఇంటికి రాగానే పటకారుతో తీగ తెంపి, స్క్రూ నాలుగు చుట్లు తిప్పాను.

మా ఆయన వేపపుల్ల నములుతూ చూశాడు. "గది తిప్పద్దని రాసిండ్రు గద."

"తిప్పద్దంటే స్క్రూ ఎందుకు పెట్టిండ్రు? మొల కొడుతుండిరి."

తర్వాత తొమ్మిది రోజులు నా అంత సుఖపడ్డ మనిషి తాలూకాలో లేదు. బస్టాండు చేరేసరికి క్యాన్లలో వెన్న తేలుతుండేది. పన్నెండో రోజు ఎత్తు ఎక్కుతుంటే ఇంజను కీచుమని, ఇంత నీలం పొగ వదిలి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. వేడికి పిస్టన్ బిగుసుకుపోయింది. ఎటునుంచో గొర్రెల మంద వచ్చి చుట్టూ నిలబడింది. కాపరి మల్లయ్య బండిని ఒకసారి చుట్టి వచ్చి, "మస్తు ఉరికిచ్చినవమ్మా. గొర్రె గూడ గిట్లనే పోతది" అన్నాడు. బండిని ఇంటికి తోయించేసరికి పాలు విరిగాయి. మర్నాడు బస్సుకు పాలే పోలేదు.

నడుస్తున్న బండి హఠాత్తుగా ఆగిందని కంపెనీకి ఉత్తరం రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గురువారం మెకానిక్ వస్తాడని జవాబు వచ్చింది. సీలు లేకుండా అతనికి బండి ఎట్లా చూపించాలి?

ఔసుల బ్రహ్మయ్య దగ్గరికి పరుగెత్తాను. చుట్టూ నాలుగూళ్ల నగలు ఆయన చేతివే. పటకారు కింద నలిగిన సీసం ముక్కను ముందు పెట్టాను.

"బ్రహ్మయ్యా, గిసుంటిది కొత్తది కావాలె. గుండ్రంగ ఉండాలె, తీగకు గుచ్చాలె. గురువారం పొద్దుగాల తెచ్చి నువ్వే కట్టిపో."

"దేనికమ్మా?"

"దేనికైతే ఏంది, జల్ది చెయ్."

వివరంగా చెబితే పావుగంట పట్టేది. అది మిగుల్చుకున్నాను.

గురువారం బ్రహ్మయ్య వచ్చాడు. నేను గడపలోంచే స్క్రూ చూపించి, మెకానిక్ కోసం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. కట్టడం అయిందన్నాడు. నేను పోయి చూడలేదు.

మెకానిక్ ఖాకీ బట్టల్లో ఉన్న నడివయసు మనిషి. చాయ్ ఇచ్చి, మీ ఇంజన్లు ఇంత నాసిగా ఉంటే రైతులు ఎట్లా బతకాలని చాలాసేపు క్లాసు తీసుకున్నాను. అతను మర్యాదగా విని, ఇంజను మీదికి వంగాడు. వంగినవాడు ఎంతకూ లేవలేదు.

"అమ్మా, జర ఇట్ల రాండ్రి."

పోయి చూశాను. తళతళలాడే బిళ్ల. అంచు చుట్టూ ఆవగింజల్లాంటి గుండ్లు, నడుమ ఒక బొడిపె. బిళ్లకు అటొక నల్లపూస, ఇటొక నల్లపూస. తీగకు పసుపు పూసి ఉంది, పైన కుంకుమ బొట్టు. గుండ్రంగా ఉండి, తీగకు గుచ్చి, మంచి రోజు చూసి కట్టేది బ్రహ్మయ్య ఎరుకలో ఒక్కటే. నలిగిన ముక్కను పుస్తెకు నమూనా అనుకున్నాడు. ఆగిన బండికి కట్టమన్నానంటే ఏదో మొక్కు అనుకున్నాడు. పుస్తె చేశాడు.

మెకానిక్ నవ్వకుండా అడిగాడు. "లగ్గం ఎప్పుడైందమ్మా?"

అరుగు మీద కూర్చున్న బ్రహ్మయ్య మెప్పు కోసం మెడ సాచాడు. "పని మంచిగొచ్చిందా సారూ?"

"మా కంపెనీల గింత పనితనం ఎవ్వలకు లేదు పెద్దమనిషీ" అని, మెకానిక్ పుస్తకం తీసి రాసుకున్నాడు. "గ్యారంటీ మాత్రం ఇయ్యరాదమ్మా."

మా ఆయన లోపలినుంచి గొంతు సవరించుకున్నాడు. "లగ్గమైనంక ఇంక గ్యారంటీ ఎక్కడిది?"

చెప్పులు వేసుకుని, మేం అమ్మిన ఎద్దుల బండినే కిరాయికి అడగడానికి బయలుదేరాను.