అత్తగారి కన్ను, కారు బ్లోయరు

మే నెలలో పాలకొల్లు నుంచి రాజమండ్రికి కారు అద్దాలు దించుకుని వెళ్లడం మాకు కొత్త కాదు. ధాన్యం లారీల దుమ్ము, ఉక్కపోత, మెడ మీద నుంచి కారే చెమట, అన్నీ అలవాటే. కానీ ఆసారి వెనక సీట్లో కూర్చోవలసింది మా అత్తగారు. ఆవిడ కుడికంటికి శుక్లం తీసి ఆరు రోజులైంది. ఆ రోజు పొద్దుటి నుంచి కన్ను ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గుచ్చుకుంటోందన్నారు. ఫోను చేస్తే డాక్టరుగారు మర్నాడు తొమ్మిదింటికల్లా తీసుకురమ్మన్నారు. దారిలో దుమ్ము గానీ చెమట గానీ కంట్లో పడకూడదని రెండుసార్లు చెప్పారు. సరిగ్గా అప్పుడే మా కారు బ్లోయరు చచ్చి కూర్చుంది.

బ్లోయరంటే ఏసీ చల్లదనాన్ని మన మొహాన కొట్టే ఫ్యాను. చలి ఊళ్లలో అదే ఫ్యాను వేడిగాలి కొడుతుంది. ఆ వేడి మీట మా కారులోనూ ఉంది కానీ, దాన్ని ముట్టుకునే అవసరం మా గోదావరి జిల్లాల్లో ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఏసీ లైటు నిక్షేపంగా వెలుగుతోంది, గాలి మాత్రం ఊపిరంత కూడా లేదు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

అది పెళ్లిళ్ల వారం. అద్దె కార్లన్నీ పెళ్లివారి వెంట పోయాయి. మెకానిక్‌కి ఫోను చేశాను.

"డాష్‌బోర్డంతా దించాలండి మేడంగారూ. సామాను బెజవాడ నుంచి రావాలండి. నాలుగు రోజులు పట్టుద్దండి."

"రేపు పొద్దున్నకి కావాలి బాబూ."

"అవదండీ. అబద్ధం చెప్పలేను కదండీ."

మా ఆయన ఆలోచించి ఆలోచించి, "తడి తువ్వాలు మొహమ్మీద కప్పి తీసుకెళ్దాం" అన్నారు. ఆపరేషన్ చేసిన కంటి మీద తడి తువ్వాలా! నాకు ఒళ్లు మండింది.

"నేనే విప్పి చూస్తాను" అన్నాను.

"నువ్వా?" అన్నారు.

ఆ ఒక్క మాట ఎక్కడో తగిలింది. తగలడానికి కారణం ఉంది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. పందొమ్మిదేళ్లుగా పదో తరగతికి విద్యుత్ మోటారు పాఠం చెబుతున్నాను. బోర్డు మీద బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను. నిజం మోటారుకి మాత్రం జన్మలో ఒక్క మర విప్పిన పాపాన పోలేదు. ఆయన అడిగింది నన్ను నేను ఎప్పుడూ అడుక్కోని ప్రశ్న.

ముందు ఫ్యూజు చూశాను. మాడిపోయి ఉంది. హమ్మయ్య, ఇంతేనా అనుకుని కొత్తది పెట్టి, మీట నాలుగు మీదకి తిప్పాను. లోపల ఏదో మూలిగింది, అంతలో ఆ ఫ్యూజూ పోయింది.

"ఈ కాస్త దానికి ఎందుకంత హైరానా? రెండు పేటల రాగితీగ చుట్టెయ్. మనింట్లో మోటారుకి అలాగే చుట్టాంగా" అన్నారు మా ఆయన.

"ఇంట్లో చుట్టిందే తప్పు. ఫ్యూజు పోయిందంటే అది మనకి మొరపెట్టుకుంటోందని అర్థం. నోట్లో గుడ్డ కుక్కితే కారు తగలబడుద్ది, మీ అమ్మగారితో సహా" అన్నాను. క్లాసులో గొంతు ఎలా లేస్తుందో అలా లేచింది. ఆయన మంచినీళ్లు తాగే నెపంతో లోపలికి వెళ్లారు.

ఫ్యాను తిరగలేక తిరగలేక కరెంటు ఎక్కువ లాగేస్తోంది. అంటే ఏదో పట్టేసింది. ఇది నా పాఠంలోదే. ఎడమ సీటు ముందుండే అరని రెండు పక్కలా నొక్కి ఊడబెరికాను. దాని వెనక, అడుగున, నల్లటి గుండ్రటి డబ్బా కనిపించింది. మూడు మరలు. రెండు బుద్ధిగా వచ్చాయి. మూడోది వెనక గోడవైపు దాక్కుంది. దాని కోసం సీటు వెనక్కి వాల్చి, తల డాష్‌బోర్డు కింద, కాళ్లు తలుపు బయట పెట్టి వెల్లకిలా పడుకున్నాను. నైటీ మీద తువ్వాలు, వీధిలోకి చాచిన కాళ్లు. దారినపోయేవాళ్లు ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి. స్క్రూడ్రైవరు మూడుసార్లు జారి ముక్కు మీద పడింది. మోటారుని నేను తిట్టిన తిట్లు స్కూల్లో చెప్పగలిగేవి కావు. నాలుగోసారి మర కదిలింది. ప్లగ్గు పీకాను. మోటారు చక్రంతో సహా నా గుండెల మీద ఊడిపడింది, దాంతోపాటు ఒక దోసెడు చెత్త.

కొబ్బరిపీచు, దూది, ఎలుక పెంటికలు. ఆ పీచు ఇరుసు చుట్టూ పురి తిరిగి బిగుసుకుపోయింది. చక్రం రెక్కల మధ్య తెల్లగా గట్టిగా ఏవో ముక్కలు ఇరుక్కున్నాయి. ఒకటి పీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంగువ వాసన! బూడిద గుమ్మడికాయ వడియం.

అత్తగారు ఏటా వడియాలు మేడ మీద పెడతారు. ఈసారి ఆపరేషన్‌కి ముందే అయిపోవాలన్న తొందరలో, ఎండకి పెనంలా కాలే కారు బానెట్ మీద గుడ్డ పరిచి పెట్టారు. రెండు పూటల్లో ఎండిపోయాయని ఊరంతా చెప్పుకున్నారు కూడా. వైపర్ల కింది సందుల్లోంచి ఎలుక వాటిని లోపలికి మోసుకుపోయి కాపురం పెట్టింది.

నల్ల కళ్లద్దాలతో అరుగు మీద కూర్చున్న అత్తగారు, "ఏంటమ్మాయ్, దొరికిందా?" అన్నారు.

"దొరికిందండి అత్తయ్యగారూ. మీ వడియాలేనండి."

ఒకటి చేతిలో పెడితే వేళ్లతో తడిమి, "ఎంత గట్టిగా ఉన్నాయో చూశావా? నావి కాబట్టి ఇన్నాళ్లు చెడలేదు" అన్నారు. పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు.

పీచంతా బ్లేడుతో కోసి, రెక్కలు పాత బ్రష్షుతో తోమి, వేలితో తోస్తే చక్రం గిర్రున తిరిగింది. మళ్లీ పడుకుని మూడు మరలూ బిగించాను. కారుతో ఇచ్చిన ఫ్యూజుల్లో మిగిలింది ఒకే ఒక్కటి. అది పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదోనని మళ్లీ ఒకసారి నొక్కాను. మీట ఒకటి మీద పెట్టాను. గాలి. రెండు. మూడు. నాలుగు మీదకి తిప్పేసరికి మిగిలిన చెత్తంతా నా మొహాన కొట్టింది, నేను నోరంతా తెరిచి నవ్వుతూనే ఉన్నాను. "వచ్చేసింది! వచ్చేసిందండీ!" అని అరిచిన అరుపుకి మా ఆయన గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చారు. సీట్లో కూర్చుని కాసేపు ఆ గాలి పీల్చి, "ఎలుకని పట్టావన్నమాట, కొండని తవ్వకుండానే" అన్నారు. ఆయన నోట అదే పెద్ద సన్మానం.

మర్నాడు అద్దాలు బిగించుకుని రాజమండ్రి చేరాం. డాక్టరుగారు లైటు వేసి కన్ను చూశారు. చుక్కల మందు సరిగ్గా పడక పొడిబారిందని, భయం లేదని చెప్పి, "ఇంత ఎండలో వచ్చినా దుమ్ము, చెమట ఏమీ తగల్లేదు. ఏసీ బాగా పనిచేసినట్టుందే, అమ్మా" అన్నారు.

"ఏసీదేముందండీ బాబూ, అది చచ్చి ఊరుకుంది. మా కోడలు బతికించింది" అన్నారు అత్తగారు. "మెకానిక్ వల్ల కాదన్నాడండి. ఈవిడ విప్పింది, ఈవిడే బిగించింది."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నన్ను పరాయివాళ్ల ముందు మెచ్చుకోవడం అదే మొదలు. నేను గోడ మీద వేలాడుతున్న కంటి పటం వైపు తిరిగి, అందులోని పేర్లన్నీ శ్రద్ధగా చదువుతూ నిలబడ్డాను. ఒక్క అక్షరమూ కనిపించలేదు.