పెద్దమ్మకు మాట తిరిగొచ్చాక

మొన్న పొద్దున పాలకోసం బయలుదేరితే, కర్నూల్లో మా వీధి మలుపు దగ్గర కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. వచ్చే ఆదివారం సభలో ప్రార్థన చేస్తే మూగవాళ్ళు మాట్లాడతారట. అది ఏ మతంవాళ్ళ సభో చెప్పను. నా అనుమానం ముందు అన్ని మతాలూ సమానమే. మైకు పట్టుకుని ఏడుస్తున్న ఒకావిడ ఫొటో కూడా వేశారు. ఆవిడకు నిజంగానే మాట వచ్చిందేమో, కాదనడానికి నేనెవర్ని? మాట పోవడమూ తిరిగి రావడమూ మా ఇంట్లోనే చూసినవాణ్ణి. అందుకే అలాంటి ఫొటో కనిపిస్తే, మాట ఎలా వచ్చిందని కాక, ఆ మైకు ఆవిడ చేతికి ఎవరిచ్చారా అని చూస్తాను.

మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ. జమ్మలమడుగు దగ్గర నేతవాళ్ళ ఊళ్ళో కాపురం. ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నా వాటి మీదుగా వీధి చివరిదాకా వినిపించే గొంతు ఆమెది. కూరలో ఉప్పు సంగతి చెప్పినా పోట్లాడుతున్నట్టే ఉండేది. నేను కర్నూల్లో డిగ్రీ చదివే రోజుల్లో ఆమెకు విషజ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు గొంతూ పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. కడప డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, లోపల అంతా బాగానే ఉంది, మాత్రలు వాడండి, ఇలాంటివి ఒక్కోసారి వాటంతటవే సర్దుకుంటాయి అన్నాడు. ఆ చివరి మాట వెంట ఉన్న నేను తప్ప ఎవరూ వినిపించుకోలేదు.

మా పెద్దనాయన అహోబిలం పోయి, ఎగువ నరసింహస్వామికి తలనీలాలిచ్చి వచ్చాడు. మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి సాయిబుల ఆవిడ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, దువా చదివి, తనే పెద్దమ్మ చేతికి కట్టింది. పెద్దమ్మ నుదుట స్వామి కుంకుమ, చేతికి తాయెత్తు, కడుపులో మాత్రలు. వైద్యం ఏదైనా పనిచేస్తే దేనివల్ల చేసిందో తేల్చే దారి లేకుండా అందరూ కలిసి ఏర్పాటు చేశారని నాకు నవ్వొచ్చేది. రాత్రుళ్ళు ఆమె పెదాలు కదుపుతూ ఒంటరిగా ప్రయత్నించడం చూసినప్పుడు మాత్రం నవ్వొచ్చేది కాదు.

వేసవి సెలవులకు నేను అక్కడున్నప్పుడే జరిగింది. వీధిలో, మగ్గానికి ఎక్కించే పడుగు నూలు బారుగా సాగదీసి గంజి పెడుతున్నారు. ఆ గంజి వాసనకు ఖాలా వాళ్ళ మేక తాడు తెంపుకొచ్చి, తడి నూలు నమలడం మొదలుపెట్టింది. గడపలో బియ్యం చెరుగుతున్న పెద్దమ్మ చేట పారేసి లేచింది.

"నీ నోరు పడిపోను! పడుగంతా మేస్తాండాదే, చూస్తా నిలబడినారేమప్పా!"

మేక కూడా ఆగిపోయింది. పెద్దమ్మ తన గొంతు తానే విని, రెండు చేతులతో నోరు మూసుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది. పెద్దనాయన గంజి చేతులతోనే ఆకాశానికి దండం పెట్టాడు. ఖాలా పరిగెత్తుకొచ్చి తాయెత్తు ముద్దు పెట్టుకుంది. మేక పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ ఇంటికి జనం రావడం మొదలైంది. జబ్బు పిల్లల్ని తెచ్చి, నెత్తిన చెయ్యి పెట్టమని పెద్దమ్మను అడిగేవాళ్ళు. పెద్దనాయనకు ఇది బాగా నచ్చింది. కొండకు వెళ్ళిన కథ చెప్పిన ప్రతిసారీ అందులో ఒక కొత్త సంగతి చేరేది. ఒకసారి దారిలో పులి కూడా కనిపించింది.

కోయిలకుంట్ల వైపు నుంచి ఒకామె తన కూతుర్ని తెచ్చింది. చక్కటి పిల్ల, పుట్టు చెవుడు, అందుకే మాటా లేదు. పెద్దమ్మ మొహమాటపడుతూనే నెత్తిన చెయ్యి పెట్టింది. కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె తల బోడిగా ఉంది.

"కొండకు నడిచే పోయినాను తల్లీ. నీకిచ్చినాడే, నా బిడ్డకేల ఇయ్యడు? నేనేం పాపం చేసినానో నువ్వన్నా చెప్పు" అని పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంది.

పెద్దమ్మ మొహం తెల్లబోయింది. ఆమెను లేవనెత్తి, "నువ్వేం పాపం చేయలేదమ్మా. నాకు ఎట్లొచ్చిందో నాకే తెలీదు. ఇంగ నా కాడికి ఎవురూ రావద్దండి" అంది, వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టు.

పెద్దనాయన ముఖం ఎర్రబడింది. "అయితే నా మొక్కు ఉత్తదేనా?"

"ఉత్తదని నేనంటినా? నా కోసరం కొండెక్కితివి, అది నేను మర్చిపోను. ఈయమ్మ గూడా ఎక్కింది గదా. ఈయమ్మ మొక్కులో ఏం తక్కువయ్యిందో చెప్పు, అప్పుడు నేనూ సాక్ష్యం చెప్తా."

పెద్దనాయన కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. చాలా రోజులు భార్యతో మాట్లాడలేదు. ఇంట్లో మూగతనం చేతులు మారినట్టయింది.

నా సెలవులు అయిపోయాక ఆ తల్లీబిడ్డల్ని వెంటబెట్టుకుని పెద్దమ్మ కూడా నాతో కర్నూలు బస్సెక్కింది. చెవిటిపిల్లల బడి ఉందని నేనే చెప్పాను. తల్లికి సుతరామూ ఇష్టం లేదు, దారంతా ఏడ్చింది. తీరా అక్కడ పిల్లలు చేతులతో గలగలా మాట్లాడుకోవడం చూసి, ఆ పిల్ల తన తల్లి కొంగు వదిలేసి వాళ్ళ మధ్యకు పోయి నిలబడింది. అక్కడే చదువుకున్న ఆ పిల్ల ఇప్పుడు నంద్యాలలో బట్టలు కుడుతుంది, ఇద్దరు పిల్లల తల్లి. మాట రాలేదు. వాళ్ళమ్మ మాత్రం పెద్దమ్మ చెయ్యి పెట్టిన మహిమ వల్లే బిడ్డకు బతుకు దొరికిందని చివరిదాకా చెప్పుకుంది. మహిమ అనుకున్నాక ఏం జరిగినా అది మహిమే అవుతుంది. నా గొడవంతా అక్కడే.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఇంతకీ దేవుణ్ణి నమ్ముతావా లేదా అని పెద్దమ్మను నిలదీశాను.

"దినామూ మొక్కుతాండాను గదరా. అడిగేది మాత్రం మానుకున్నా. నాకిచ్చినాడంటే, ఆయప్ప ఇయ్యనోళ్ళ మొకం నేనెట్ల చూసేది?"

అడగనివాళ్ళు మొక్కడమెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. వాదిద్దామనుకునేలోపు బస్సొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో నా జుట్టు నెరిసింది, చూపు మందగించింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అనుమానానికి మాత్రం ఒక్క రోజు కూడా వయసు మీద పడలేదు.