రెండో సాక్షి

అక్క తన వీలునామా తానే రాసుకుంది. పెనుబల్లి దగ్గరి పల్లెలో ఉన్న తన ఇల్లు సర్కారు దవాఖానాలో నర్సుగా చేసిన జీతంతో కట్టుకున్నది. బావ పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. అదే దవాఖానాలో ఆయాగా చేసిన ఒక కోయ ఆమె అక్కతోనే ఉంటోంది. ఇద్దరిదీ ఒకే పొయ్యి. వీలునామా రాయకుండా చనిపోతే, తన కష్టార్జితమైనా సరే, ఇల్లు బావ తమ్ముడికి పోతుందని అక్కకు ఎవరో చెప్పారు. వకీలు దగ్గరికి వెళ్తే ఊరంతా తెలుస్తుందని, జిరాక్స్ షాపులో నమూనా ఫారం తీయించుకొచ్చింది.

నింపేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ‘నా భార్యకు’ అని అచ్చులో ఉన్నచోట కొట్టేసి ఆయా పేరు రాసింది. సాక్షిగా నేనొక సంతకం పెట్టాను. రెండోది ఎదురింట్లో మిషను కుట్టే ఆవిడ పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్లీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా సంతకం కొట్టెయ్ అక్కా. మా ఆయన పనిచేసేది మీ మరిది పామాయిల్ తోటల్నే గదా.”

అక్క కొట్టేసింది.

సాయంత్రానికి మరిది వచ్చాడు. కోపంగా ఉంటే నాకంత భయం వేసేది కాదు. చెప్పులు బయట విడిచి, మామిడిపళ్లు అరుగు మీద పెట్టి, వదిన బాగోగులు అడిగాడు. ఆయా తెచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. గదులన్నీ తిరుగుతూ గోడలకు చెమ్మ పట్టిందేమోనని అరచేత్తో తడిమి చూశాడు. పోతూ పోతూ ఆయా వైపు తిరిగి నవ్వాడు.

“నీకు మీ ఊర్ల ఇల్లు లేదా ఏంది?”

ఆ వారమే అక్క పాత స్నేహితులైన ఇద్దరు నర్సులను సాక్షులుగా తీసుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాం. కొత్త వీలునామా రాయించి, వేలిముద్రలు, ఫొటోలు అన్నీ పూర్తిచేశాం. తిరుగు బస్సులో అక్క మొహం తేటపడింది. ఆయా మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

“నర్సమ్మా, ఆ కాయితం నువ్వు పోయినంకనే గదా పనికొచ్చేది. అప్పుడు ఈడ నేనొక్కదాన్నే ఉంట.”



తర్వాత ముగ్గురం భద్రాచలం దగ్గరి పర్ణశాలకు వెళ్లి వచ్చేసరికి తలుపుకున్న తాళం మాది కాదు. ఎదురింట్లో మిషను చప్పుడు ఆగింది. ఆవిడ మాత్రం బయటికి రాలేదు. అక్క రాయి తీసుకుని తానే తాళం పగలగొట్టింది. లోపల ఏ వస్తువూ పోలేదు. పెరటి గుమ్మం బయట మాత్రం ఆయా ట్రంకుపెట్టె ఉంది. దాని మీద ఆమె చీరలు నీటుగా మడతపెట్టి ఉన్నాయి.

పోలీసులకు చెబుదామన్నాను. ఏం పోయిందని చెబుతామంది అక్క.

తలుపులకు లోపలివైపు కొత్త గడియలు పెట్టించుకుని అక్కా ఆయా ఇద్దరూ ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. చీరలు బీరువాలో పెట్టుకోమని అక్క ఎన్నిసార్లు చెప్పినా ఆయా వినదు. ఆ పెట్టెలోనే ఉంచుకుంటోంది.