విప్పని చక్రం

పోయిన వారం మా పాత వ్యాను హోరుమనడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాకు తెలియలేదు, పక్కన కూర్చున్న మా అమ్మాయి చెప్పింది. వేగం పెంచితే హోరు పెరుగుతోందని, కుడివైపు తిప్పినప్పుడల్లా ఇంకా గట్టిగా వస్తోందని, ఈ డబ్బాను ఇంకెన్నాళ్లు మోస్తావని ఆమె. అది నన్ను మోస్తోంది గానీ నేను దాన్ని మోయడం లేదని నేను. ఇద్దరం కడోదరా నుంచి ఇంటిదాకా వాదించుకుంటూనే వచ్చాం. మర్నాడు మెకానిక్ జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూసి, ముందు ఎడమ చక్రం బేరింగు అరిగిపోయిందని తేల్చాడు. అది మార్పించిన బేరింగు, అంత తొందరగా ఎలా అరుగుతుందని నేను అడ్డం తిరిగాను. తొందరగా అన్నది నిజానికి పాతికేళ్ల కిందటి మాట, అయినా ఆ బేరింగు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా బతుకు ఏ దారిన పోవాలో తేల్చింది అదే.

మన ఈడువాళ్లకు, అందులోనూ సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి సూరత్ వచ్చి పడ్డ కుటుంబాల వాళ్లకు, ఆ రోజుల్లో లింబాయత్ గల్లీలు ఎలా ఉండేవో గుర్తుండే ఉంటుంది. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. గోడకు అవతల సాంచాల కార్ఖానా, ఇవతల మా వంటిల్లు. పగలూ రాత్రీ అవి ఆడుతూనే ఉండేవి కాబట్టి మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. మొదటిసారి వచ్చిన చుట్టాలు లోపల తగాదా జరుగుతోందనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు. నా గొంతు ఇప్పటికీ తగ్గలేదంటే తప్పు నాది కాదు, ఆ గోడది. ఆ చప్పుడులో పెరిగినవాళ్లకు ఇంకో అవలక్షణం కూడా ఉంటుంది, మా చెవులను మేమే నమ్మం. ఫలానా చప్పుడు వస్తోందని ఎవరైనా అంటే, వస్తోంది కాబోలు, మనకే వినబడడం లేదు కాబోలు అని ఒప్పేసుకుంటాం. లోకంలో దేని మీదైనా వాదించగలను గానీ వినికిడి మాట వస్తే మాత్రం నేను నోరెత్తను.

ఇక మా నాయిన చెవులను ఎప్పుడో సాంచాలకు అప్పజెప్పేసి, అరచేత్తో వినేవాడు. ఆడుతున్న సాంచా మీద చెయ్యి ఆనించి, ఎక్కడ బేరింగు పోబోతోందో, ఎక్కడ నూనె చాలడం లేదో చెప్పేవాడు. ఆయన ఆ చెయ్యి తీసేదాకా కార్ఖానా సేఠ్ కూడా కిక్కురుమనకుండా నిలబడేవాడు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద వాలేదీ ఆ చెయ్యే. కాలేజీలో థర్మామీటరు ఎలా పనిచేస్తుందో చదువుకుని, దాని మీద పరీక్ష కూడా రాసి వచ్చాక కూడా, ఒళ్లు వెచ్చబడితే నేను వెతుక్కున్నది ఆ చేతినే.

నేను కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తి చేసిన ఏడాదే సూరత్ బయట కిమ్ అనే ఊరి దగ్గర ఒక అద్దకం కార్ఖానా ప్రయోగశాలలో నాకు ఉద్యోగం వచ్చింది. గుడ్డకు రంగు సరిగా పట్టిందా, ఉతికితే దిగుతుందా, చెమట తగిలితే మారుతుందా అని పరీక్షించే పని. తెల్లకోటు వేసుకోవాలని చెప్పినప్పుడు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మా ఇంట్లో అప్పటికే మెస్సు నడిచేది. ఊరి నుంచి ఒంటరిగా వచ్చి సాంచాల మీద పనిచేసే మావాళ్లంతా రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాళ్లు. అమ్మ మోకాళ్లు మొరాయించడంతో వంటలో సగానికి పైగా నా మీదే పడేది. నేను పోతే పొయ్యి ముందు ఎవరు నిలబడతారన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాయిన పెట్టింది ఒక్కటే షరతు. కిమ్ స్టేషనులో దిగాక కార్ఖానా దాకా చెరుకు తోటల మధ్య నిర్మానుష్యమైన దారి ఉంది కాబట్టి, నేను రైల్లో పోకూడదు, చీరల మూటలు వేసే వ్యానులోనే అన్న నన్ను దింపి, అన్నే తీసుకురావాలి. అది అన్న ఒక డాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న వ్యాను. రైలు గురించి నేను కొంత వాదించి, ఎలాగూ ఒప్పుకున్నారు కదా అని సర్దుకున్నాను.

సోమవారం చేరాలనగా, ఆ ముందు శనివారం అన్న వచ్చి చక్రం హోరుమంటోందన్నాడు. నేను ఎక్కి కూర్చుని గల్లీ చివరిదాకా వెళ్లి వచ్చాను. నాకేమీ వినబడలేదు. ఆ మాటే అంటే అన్న నవ్వాడు.

“సాంచల పక్కన పుట్టి పెరిగినదానివి, నీకేం ఇనబడ్తది చెల్లె?”

అంతే, నా నోరు మూతపడింది. అప్పుడు నాయిన వచ్చాడు. జాకీ మీద లేపిన చక్రం పక్కన గొంతుకూర్చుని, లోపలి స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, నన్నే చక్రం తిప్పమన్నాడు. నేను తిప్పాను. ఆయన కళ్లు మూసుకుని, సాంచా దగ్గర ఎలా ఉంటాడో అలాగే చాలాసేపు ఉన్నాడు.

“చేతికి తెలుస్తున్నది బిడ్డా. గింత గరుకున్నంక గా రోడ్డు మీద నిన్నెట్ల తోలియ్యాలె?” అన్నాడు.

ఆ చెయ్యి చెప్పాక ఇంక అప్పీలు లేదు. వ్యాను కడోదరాలో ఏదో గ్యారేజీకి వెళ్లింది. బేరింగు ముంబై నుంచి రావాలన్నారు, వచ్చింది గానీ సైజు కుదరలేదన్నారు. నేను రోజూ ఫోను బూత్ దాకా వెళ్లి, కార్ఖానా మేనేజరుకు హిందీలో వివరించేదాన్ని. ఆయన మంచివాడు, కొన్నాళ్లు ఆగాడు, ఆ తర్వాత ఇంకెవరినో తీసుకున్నాడు. బాగుపడిందంటూ వ్యాను ఇంటికి వచ్చినప్పుడు అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నేను లోపల పిండి కలుపుతున్నాను.

ఆ మీదట నాయిన ఆ వ్యానును నా పేరు మీదకు మార్పించాడు. మెస్సు సరుకులకు పనికొస్తుందని, ఆడపిల్ల ఇంకొకరి మీద ఆధారపడకూడదని అన్నాడు. పక్కన కూర్చుని నడపడం తనే నేర్పించాడు. క్లచ్చు మీద కాలు ఎంత ఉంచాలో నా మోచేతి మీద తట్టి చెప్పేవాడు. చేజారిన ఉద్యోగానికి నాకంటే ఆయనే ఎక్కువ కుమిలిపోతున్నాడనుకుని, ఆయనను ఓదార్చడానికి నేను మెస్సును ప్రేమిస్తున్నట్టు నటించాను. నటిస్తూ నటిస్తూ ఎప్పుడో ప్రేమించాను కూడా. ఇవాళ పర్వత్ పాటియాలో నా భోజనశాలకు డాక్టర్లు, కంప్యూటరు కంపెనీల పిల్లలు వచ్చి తింటారు. ఆ వ్యానును అమ్మకపోవడానికి కారణం ఇదీ. మా అమ్మాయికి చెప్పినా అర్థం కాదు.

ఇంతకీ ఆ మెకానిక్ కూడా మనవాడే. ఇక్కడే పుట్టి, తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి వడ్డించే రకం. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎవరూ నన్ను మోసం చేయలేరని నా నమ్మకం. అతను చక్రం ఊడదీసి, మధ్యలో ఉన్న రేకు మూతను పెకలించి తీశాడు. లోపలి పెద్ద నట్టు మీద నుంచి ఇరుసు మీదకు పసుపురంగు గీత ఒకటి, సన్నగా, ఎక్కడా తెగకుండా ఉంది.

“దేఖో అక్కా, గీ నట్టు ఇప్పటిదంక ఎవలు ఇప్పలే. గిది కంపెనీల గీసిన గీత. నట్టు ఇప్పకుంట బేరింగు బయటికి రాదు.”

కొత్త నట్టు వేసి ఉంటారని నేనన్నాను. కొత్త నట్టు వేస్తే ఇరుసు మీది గీతా, నట్టు మీది గీతా ఇంత సూటిగా ఎలా కలుస్తాయని అతనన్నాడు. అయితే మార్చింది కుడి చక్రానిదేమో, నేనే పొరబడ్డానేమో అని అదీ విప్పించాను. అతను గొణుక్కుంటూ విప్పాడు. అక్కడా అదే గీత. నేను రెండు చక్రాల మధ్యా అటూ ఇటూ తిరగడం చూసి అతనికే భయమేసి చాయ్ తెప్పించాడు.

పాత బేరింగును ప్రెస్సు కింద పెట్టి ఊడగొట్టి, నా చేతిలో పెట్టి తిప్పి చూడమన్నాడు. లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. అరిగిన బేరింగు చేతికి ఎలా తెలుస్తుందో నాకు అప్పుడే తెలిసింది. ఆ శనివారం నేను తిప్పిన చక్రం అలా లేదు, నీళ్ల మీద తిరిగినట్టు తిరిగింది. అది నాకు అప్పుడూ తెలుసు. నా చేతిని నేను లెక్కచేయలేదు, ఎందుకంటే పక్కన ఆయన చెయ్యి ఉంది.

నాయిన లేడు, అమ్మా లేదు. అన్నకు ఫోను చేశాను. మొదట గుర్తులేదన్నాడు, చివరికి చెప్పాడు.

“నాయిననే గట్ల అనుమన్నడు. నువ్వు పోతె మెస్సు బంద్ అయితుండె. అమ్మకు తెల్వదు.”

అమ్మకు తెలియదన్న ఒక్క మాటను పక్కన దాచుకుని, నేను మా ఊరి మాటలోకి దిగాను. “వద్దనేటోళ్లు మొకం మీద వద్దనాలె గద. నాతోని ఎందుకు జెప్పలే?”

“నీతోని జెప్పి ఆపుడా? నీతోని వాదిచ్చి గెల్సెటోడు మనింట్ల ఎవడుండె చెల్లె?”

ఆపాలనుకున్నందుకు నాకు అంత కోపం లేదు. ఇరవై మంది ఆకలితో గుమ్మం ముందు నిలబడే ఇంట్లో ఆ భయం ఎలా ఉంటుందో మెస్సు నడిపినదానిగా నాకు తెలుసు. ఇప్పుడు తెల్లవారితే మా గల్లీ ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో ఉద్యోగాల కోసం ఇచ్ఛాపూర్‌కు పోతున్నారు. పోవద్దని తండ్రులు వీధిలోకి వచ్చి అరుస్తారు, పోతామని వీళ్లు మూడు భాషల్లో తిరిగి అరుస్తారు, ఇరుగుపొరుగు వచ్చి తలో మాటా వేస్తారు. ఎంత రోతగా ఉందో ఈ కాలం అని అందరిలాగే నేనూ అనేదాన్ని. ఇప్పుడు అనడం లేదు, నిలబడి చివరిదాకా వింటున్నాను. ఆ తండ్రులు గెలుస్తారో ఓడతారో గానీ, కూతురి ఎదురుగా నిలబడి ఓడుతున్నారు. నాయిన నాతో ఆమాత్రం పోట్లాడి ఉంటే, నేను గెలిచి కిమ్ పోయేదాన్నో, ఓడి పొయ్యి ముందే నిలబడేదాన్నో, ఏదైనా అది నాదై ఉండేది. ఆయనకు చెప్పాల్సిన జవాబులన్నీ ఇప్పుడు వరసగా నోటికొస్తున్నాయి, ఒక్కటీ తప్పిపోకుండా. వినడానికి ఎదురుగా మనిషి లేడు.